గోడ హీటరూ, మంగాయమ్మ నంబరూ

మంగాయమ్మ సిగ్డీ చుట్టూ ఎవరు ఎక్కడ కూర్చోవాలో గాలి నిర్ణయిస్తుందని కొత్తవాళ్ళు అనుకునేవారు. నిజానికి అది మంగాయమ్మే నిర్ణయించేది. సిగ్డీ అంటే పాత ఇనుప బకెట్టుకి లోపల మట్టి మెత్తి, మధ్యలో చువ్వలు పెట్టి చేసిన బొగ్గుల కుంపటి. ఆవిడ బకెట్టు పిడి పట్టుకుని ఒక్క పిసరు పక్కకి జరిపిందంటే, ఆ సాయంత్రం పొగ ఎవరి కళ్ళలోకి వెళ్ళాలో వాళ్ళ కళ్ళలోకే వెళ్ళేది. కూతురికి సంబంధం కుదిరిన సంగతి ఆవిడకి చెప్పకుండా వీధికి చెప్పినవాళ్ళకి మూడు రోజుల పొగ. చెప్పి, సలహా అడిగినవాళ్ళకి కాల్చిన పచ్చిబఠాణీ కాయలు.

రైల్వే పనికి తెలుగువాళ్ళు వచ్చి స్థిరపడ్డ ఈ ఉత్తరాది ఊళ్ళో, క్వార్టర్లో ఉన్నన్నాళ్ళూ ఇదే వరస. ఆరేళ్ళ కిందట భర్త ఆదినారాయణ రిటైరయ్యాక సిర్గిట్టి వెళ్ళే దారిలో మా వీధిలో ఇల్లు కట్టుకున్నారు. ఇల్లు మారినా బకెట్టు మారలేదు. డిసెంబరు వచ్చిందంటే సాయంత్రం అయిదున్నరకి ఆవిడ అరుగు మీద ఆడవాళ్ళ సభ మొదలయ్యేది. ఆ సభలో మా ఆవిడ ఉషారాణి శాశ్వత సభ్యురాలు. కాబట్టి ఈ కథలో సగం నాకు వద్దన్నా తెలుస్తుంది.

కిందటి జూలైలో ఊళ్ళోనే సర్కండా నుంచి నాగభూషణం, వసుంధర దంపతులు మంగాయమ్మ ఎదురింట్లోకి వచ్చారు. ఆయన బ్యాంకు మేనేజరు, కరీంనగర్ వైపు మనిషి. వసుంధరకి నలభై దాటలేదు. నెమ్మదిగా మాట్లాడుతుంది, అందరినీ ఆంటీ అంటుంది, ఎవరి మీదా చాడీలు చెప్పదు. ఈ చివరి గుణం మంగాయమ్మకి మొదటినుంచీ అనుమానాస్పదంగానే ఉండేది.

డిసెంబరు రెండో వారంలో వసుంధర ముందుగదిలో గోడకి హీటరు పెట్టించింది. తెల్లగా, సన్నగా, మూరెడు పొడవున్న కరెంటు హీటరు. పొగ లేదు, బూడిద లేదు. ముందుగా వెళ్ళింది అప్పయమ్మ. డెబ్భై దాటిన మనిషి, ఊపిరి ఆడదు, పొగ దగ్గరకి పోవద్దని డాక్టరు రెండేళ్ళుగా చెబుతున్నాడు. మంగాయమ్మ మీద భయంతో రెండేళ్ళుగా దగ్గుతూ కూర్చుంది పాపం. ఆవిడ వెనకాల, ఆవిడకి తోడు అనే వంకతో మా ఉషారాణి వెళ్ళింది. మూడో రోజుకి మిగతావాళ్ళు వంక కూడా వెతుక్కోలేదు.

నాలుగో రోజు సాయంత్రం మంగాయమ్మ సిగ్డీ రాజేసి, ఒక్కతే కూర్చుంది. ఎదురింటి కిటికీలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. పొగ పంపడానికి ఎవరూ లేక అది ఆవిడ కళ్ళలోకే వచ్చింది.

మర్నాడు ఉషారాణి గోరింటాకు కోసుకోవడానికి వెళితే ఆవిడ అడిగింది.

"ఏటే ఉషా, ఆ ఇస్త్రీపెట్టె ముందు కూకుంటే ఒళ్ళు కాలదేటి?"

"ఇస్త్రీపెట్టె కాదొదినా, హీటరు. వెచ్చగా ఉంటాది, అంతే. అప్పయమ్మత్తకి దగ్గు తగ్గిపోనాది."

"అచ్ఛా. మరి టీ ఇచ్చిందా?"

"అల్లం టీ ఇచ్చింది."

"అల్లమా," అంది మంగాయమ్మ. ఆ రోజు వాళ్ళింట్లో పప్పులో ఉప్పు పడలేదని ఆదినారాయణ తర్వాత నాతో చెప్పుకున్నాడు.

రెండు రోజుల్లో ఆవిడ స్వయంగా బజారుకి వెళ్ళి హీటరు తెచ్చింది. కొట్టువాడిని ఆవిడ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఎదురింటివాళ్ళది ఎన్ని వాట్లు? వాడికెలా తెలుస్తుంది? వెయ్యి, పదిహేను వందలు, రెండు వేలు ఉన్నాయన్నాడు. రెండు వేలదే ఇమ్మంది.

ఇక్కడే ఆదినారాయణ గురించి చెప్పాలి. ఆయన రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు తీగ మీద పనిచేశాడు. ఇంజను నెత్తి మీద ఇరవై అయిదు వేల వోల్టులు మోసే తీగ అది. అంత తీగకి భయపడని మనిషి ఇంట్లో బల్బు మార్చడానికి భయపడతాడు. భయమని ఆయన ఒప్పుకోడు, పద్ధతి అంటాడు.

తీగ మీదికి ఎక్కే ముందు కంట్రోలుకి ఫోను చేసి కరెంటు ఆపించాలి. ఆపామని వాళ్ళొక నంబరు ఇస్తారు. పని ముగిసి, మనుషులంతా కిందికి దిగాక, నంబరు చెప్పి తీగ అప్పగిస్తేనే మళ్ళీ కరెంటు. పెళ్ళయిన కొత్తలో క్వార్టర్లో ఫ్యాను విప్పుతూ ఆయన మంగాయమ్మని మెయిన్ బోర్డు దగ్గర నిలబెట్టాడు. స్విచ్ దించి నీకు తోచిన నంబరు ఒకటి చెప్పు అన్నాడు. అరచేతిలో రాసుకున్నాడు. పని అయ్యాక తన నోటివెంట ఆ నంబరు వింటే తప్ప, చుట్టాలొచ్చినా సరే, సీరియల్ అయిపోతున్నా సరే, స్విచ్ ఎత్తొద్దన్నాడు. పద్దెనిమిదేళ్ళ పిల్ల, పకపకా నవ్వింది. ఆ ఏడే ఆయన గ్యాంగులో ఒకతను తొందరపడి నంబరు రాకముందే తీగ మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి లేకుండా ఇంటికి వెళ్ళాడు. అప్పటినుంచి మంగాయమ్మ నవ్వలేదు. ఆదినారాయణ ఇంట్లో ఏ వైరు ముట్టుకున్నా బోర్డు దగ్గర ఆవిడే. పెళ్ళి తారీఖో, పిల్లలు పుట్టిన ఆసుపత్రి గదుల నంబర్లో, తాను పుట్టింటికి ఎక్కే బండి నంబరో, ఇలా ముప్పై ఎనిమిదేళ్ళలో ఎన్ని ఇచ్చిందో. ఒకసారి ఇచ్చింది మళ్ళీ ఇవ్వలేదు. ఎంతెంత ఇచ్చిందో ఇంకో మనిషికి చెప్పలేదు.

హీటరు వచ్చిందనగానే ఆదినారాయణ కళ్ళద్దాలు పెట్టుకుని పెట్టెలో పుస్తకం రెండుసార్లు చదివాడు. తర్వాత గోడలన్నీ వేలి కణుపులతో తట్టి చూశాడు.

"కిటికీ పక్కన వద్దు, కర్టెన్ ఉన్నాది. ఈ గోడకి వద్దు, హీటరుకి నెత్తి మీదే సాకెట్ అవుతాది, సెగ దాన్నే కాలుస్తాది. ఇక్కడ వద్దు, మంచం మూడడుగుల్లోపే. ఒక్క గోడే ఉన్నాదే. మా అమ్మ ఫోటో తియ్యాలి."

"అత్తగారిని గోడ మీంచి జరపాలని నాను క్వార్టరు నుంచీ ముప్పై ఏళ్ళబట్టీ సూస్తన్నాను. తీసీండి."

"ఫోటో మేకుల మీద హీటరు ఆగదు. డ్రిల్లుతో ఇటికలోకి బోరెయ్యాలి. రెండు వేల వాట్లు తెచ్చీసినావు కదా, ఈ చిన్న సాకెట్లు తట్టుకోవు. మెయిన్ నుంచి లావు వైరు వేరేగా లాగాలి, దానికి వేరే బ్రేకరు. అన్నిటికన్నా ముందు అర్తింగు. మన అర్తింగు గొయ్యి ఎండిపోనాది."

"ఎన్నాళ్ళు?"

"సూద్దాం."

ఆయన చూస్తూనే ఉన్నాడు. సిర్గిట్టి వర్క్‌షాపులో అర్తింగు పైపు చేయించడానికి నాలుగు రోజులు. ఉప్పూ బొగ్గూ వేసి గొయ్యి నింపడానికి రెండు రోజులు. వైరు నచ్చక వెనక్కిచ్చి వేరేది తేవడానికి మూడు రోజులు. హీటరు పెట్టె మంచం కిందే ఉంది. ఎదురింటి కిటికీలోంచి నవ్వులు వస్తూనే ఉన్నాయి. సిగ్డీ మాత్రం ఆవిడ వెలిగించడం మానేసింది. ఒక్కదానికి బొగ్గులెందుకని అంది కానీ, ఒక్కతే కూర్చోవడం వీధికి కనబడుతుందన్నది అసలు సంగతి.

పదకొండో రోజు మధ్యాహ్నం ఆదినారాయణ స్క్రూడ్రైవర్ల సంచీ తీసుకుని బయటికెళ్ళి సాయంత్రానికి వచ్చాడు. ఎక్కడికెళ్ళాడో ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. మర్నాడు మంగాయమ్మ గుమ్మడికాయ కోస్తుంటే ఉషారాణి వచ్చి చెప్పింది. మా ఆవిడ మంచిదే కానీ, కబురు కడుపులో ఆగదు.

"వసుంధర హీటరు ప్లగ్గు వేడెక్కిపోతన్నాదట వదినా. చెయ్యెడితే సుర్రుమంటన్నాది. అన్నయ్యగారు ఒచ్చి సాకెట్ మొత్తం మార్చీసినారు. లోపల వైరు నల్లగా అయిపోనాదట. ఇంకో వారమయితే అంటుకునేదన్నారు."

"మంచిదే కదా."

"మంచిదే. వసుంధరని బోర్డు దగ్గర నిలబెట్టీసినారు. నంబరు అడిగితే ఆ పిల్లకి అర్థం కాక, ఏ నంబరు అంకుల్ అంటాది. నీకు తోచింది చెప్పమ్మా అన్నారు. నలభై ఏడు అంది. మాకందరికీ ఒకటే నవ్వు."

మంగాయమ్మ చేతిలో కత్తి గుమ్మడికాయ మధ్యలో ఆగిపోయింది. అది మళ్ళీ బయటికి రావడానికి ఉషారాణి కూడా ఒక చెయ్యి వెయ్యాల్సి వచ్చింది.

రాత్రి భోజనాల దగ్గర మంగాయమ్మ భర్తని అడిగింది.

"మనది పదకొండు రోజుల్నుంచి మంచం కింద. ఆవిడిది ఒక్కపూటలో అయిపోనాది."

"నడుస్తున్న బండికి చక్రం వేడెక్కితే ముందు దాన్ని ఆపుతారే. షెడ్లో ఉన్న బండికి తొందరేటి?"

"నంబరు ఆవిడ దగ్గర తీసుకున్నారట."

"ఆవిడిల్లు, ఆవిడ బోర్డు. ఇంకెవరిస్తారు?"

"రోడ్డు దాటితే నేనున్నాను. పిలిస్తే రానా?"

ఆదినారాయణ అన్నం కలుపుతూ ఆగి, అర్థంకానట్టు చూశాడు. "రూలు అది కాదే. దించినోళ్ళే ఇవ్వాలి."

ముప్పై నాలుగేళ్ళు రూలుబుక్కు చదివిన మనిషికి ఆవిడ ఏ రూలు గురించి మాట్లాడుతోందో తెలియలేదు.

ఆ ఆదివారం తెలుగు సమాజంలో ఆడవాళ్ళకి తంబోలా. మంగాయమ్మ టిక్కెట్టులో పై వరసకి ఒక్క అంకె మిగిలింది. మైకులో "ఫోర్ సెవెన్, ఫార్టీ సెవెన్" అన్నారు. ఆవిడ పెన్సిలు కదపలేదు. పక్కనున్న ఉషారాణి మోచేత్తో పొడిచింది. "నాకొద్దు ఆ అంకె," అంది మంగాయమ్మ. ఆ వరస బహుమతి, స్టీలు టిఫిను డబ్బా, ఎవరికి వెళ్ళిందో చెబితే మీరు కల్పించానంటారు. వసుంధరకే వెళ్ళింది.

ఇంటికి వస్తూ దారిలోనే మంగాయమ్మ అందరినీ పిలిచేసింది. శుక్రవారం సాయంత్రం మా ఇంటికి రండి, మా హీటరు వెలిగిస్తన్నాం అంది. వసుంధరని మరీ మరీ రమ్మంది. అప్పటికి గోడకి బోరు కూడా పడలేదు. గురువారానికి కూడా పడలేదు. శుక్రవారం పొద్దున్న ఆదినారాయణ, పాత స్నేహితుడి స్థలం తగాదాలో సాక్ష్యం చెప్పడానికి కోర్టుకి బయల్దేరాడు. లావు వైరు లాగడం అయింది, రేపు సాకెట్ పెడతానని చెప్పి స్కూటరెక్కాడు.

రేపు అన్న మాట ఆవిడ చెవికెక్కలేదు, తాను అందరికీ చెప్పిన శుక్రవారం తప్ప.

మూడింటికి అత్తగారి ఫోటో తీసి బీరువా మీద పెట్టింది. ఆ రెండు మేకులకే హీటరు తగిలించింది. కొత్త వస్తువు కదా, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. రైల్వే షెడ్లో విశ్వకర్మ పూజ నాడు యంత్రాలన్నిటికీ బంతిపూల దండలు వేయడం ఆవిడ చిన్నప్పటినుంచి చూసిందే. అందుకని హీటరుకీ ఒక మూరెడు దండ వేసింది. హీటరు ప్లగ్గు పెద్దది, గోడ సాకెట్లో పట్టలేదు. ఫ్రిజ్ వెనకాల ఎక్స్‌టెన్షన్ బోర్డులో, కొట్టువాడిచ్చిన ఒక మార్పిడి ప్లగ్గు పెట్టి గుచ్చేసింది.

అయిదున్నరకి అందరూ వచ్చారు. వసుంధర పళ్ళెంలో వేడి సర్వపిండి తెచ్చింది. మంగాయమ్మ అందరినీ తానే కూర్చోబెట్టింది. హీటరు ఎదురుగా అప్పయమ్మ, పక్కన ఉషారాణి, గుమ్మం దగ్గర చలిగాలి తగిలే కుర్చీలో వసుంధర. స్విచ్ వేసింది. రెండు వేల వాట్లు మరి, గది రెండు నిమిషాల్లో వెచ్చబడింది.

"ఒలే మంగా, నీ హీటరు ముందు ఇంకే హీటరూ పనికిరాదే," అంది అప్పయమ్మ, అరచేతులు చాపి.

మంగాయమ్మ అప్పయమ్మని చూడలేదు, వసుంధర మొహం చూసింది. వసుంధర నవ్వుతూ, "అవును, మాదాని కంటే మంచిగుంది ఆంటీ," అంది. ఆ నవ్వులో ఎక్కడా కుళ్ళు దొరకలేదు. అది మంగాయమ్మకి కాస్త అసంతృప్తి కలిగించింది. అయినా ఆ పది నిమిషాలూ ఆవిడ జీవితంలో మంచి పది నిమిషాలు.

తర్వాత వాసన మొదలైంది. ముందు బంతిపూలు వేగిన వాసన.

"కొత్త వస్తువు. మొదట్లో అలాగే ఒస్తాది," అంది మంగాయమ్మ.

"పూలు తీసేద్దామా ఆంటీ? హీటరు మీద ఏమీ వెయ్యద్దని అంకుల్ చెప్పిండ్రు మాకు."

అంకుల్ మీకు చెప్పారా అన్నట్టు ఆవిడ కనుబొమ్మలు లేచాయి. "మా ఇంట్లో వాసనలు నాకు తెల్సులేమ్మా."

"ఇది పూల వాసన గూడ కాదు ఆంటీ. ప్లాస్టిక్ కాలుతున్నట్టుంది."

అప్పుడే ఫ్రిజ్ వెనకాల బుస్సుమని చప్పుడైంది. సన్నటి పొగ పైకి లేచింది. మంగాయమ్మ కూర్చున్నచోటే బిగుసుకుపోయింది. వసుంధర మాట్లాడకుండా లేచి, రెండంగల్లో వరండాలోకి వెళ్ళి మెయిన్ దించేసింది. ఇల్లంతా చీకటి. ఆ చీకట్లో ఒక మేకు ఊడి, హీటరు ఒక పక్కకి ఒరిగి, దండతో సహా వేలాడింది.

తర్వాత మంగాయమ్మ గొంతు వినబడింది.

"కరెంటు పోయింది. ఈ మధ్య రోజూ ఇదే గోల."

బయట వీధి దీపం వెలుగుతోంది. పక్కింట్లో టీవీ పాడుతోంది.

"అవునే," అంది అప్పయమ్మ శాంతంగా. "మన వీధిలో ఒక్కింటికే పోతన్నాది ఈ మధ్య."

ఉషారాణి అప్పయమ్మ తొడ గిల్లింది. అందరూ చీకట్లో సర్వపిండి తిన్నారు. బాగుందని చెప్పడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలలేదు. వసుంధర మాత్రం వరండాలోనే నిలబడింది, స్విచ్ మీద చెయ్యి తియ్యకుండా.

ఆదినారాయణ స్కూటరు ఆగింది. గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చాడు. ఫోను లైటు వేసి ఫ్రిజ్ వెనక్కి చూశాడు. ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒక మూల కరిగి జారింది. తర్వాత గోడ వైపు చూశాడు. ఒరిగిన హీటరూ, బొట్టూ, మాడిన దండా కనిపించాయి. ఆయన అరవలేదు. పద్ధతి ప్రకారం అడగాల్సింది అడిగాడు.

"మెయిన్ ఎవరు దించినారు?"

వసుంధర ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆంటీయే దించిండ్రు, అంకుల్. నన్ను ఊరికే ఇక్కడ నిలబడమన్నరు."

మంగాయమ్మకి పరువు దక్కే దారి అది, ఒక తల ఊపుతో అయిపోతుంది. అవును నేనే దించాను అంటే వీధి మర్యాద కొద్దీ ఒప్పేసుకుంటుంది.

ఆదినారాయణ భార్య వైపు తిరిగి అరచెయ్యి చాపాడు, పెన్ను తీశాడు. "నంబరు చెప్పు."

మంగాయమ్మ ఆ అరచెయ్యి చూసింది. ఇంతకు ముందు ఇంతమందికి కరెంటు పోయిందని చెప్పిన మనిషి, ఆ చేతిలో మాత్రం దొంగ నంబరు పెట్టలేకపోయింది.

"నేను దించలేదు," అంది చివరికి. "నాకు కాళ్ళు ఆడలేదు. ఆ పిల్లే లేచెళ్ళి దించింది. నంబరు ఆ పిల్ల దగ్గరే తీసుకోండి."

ఆదినారాయణ తల ఊపాడు. నువ్వు ఇలాగే అంటావని తెలుసు అన్నట్టు ఉంది ఆ ఊపు. మంగాయమ్మ దాన్ని చీకట్లో చూసిందో లేదో నాకు తెలియదు. ఆయన వసుంధర దగ్గరకి నడిచి, "చెప్పమ్మా," అన్నాడు.

వసుంధర స్విచ్ మీంచి చెయ్యి తియ్యలేదు. "అంకుల్, మీ రైల్వేల డ్యూటీ మధ్యలో మారితే ఏం చేస్తరు?"

"ఛార్జి అప్పగిస్తారు. కొత్తగా ఒచ్చినోళ్ళు చెయ్యి వేశాకే పాతోళ్ళు తీస్తారు."

"అయితే అప్పగిస్తున్నా. ఆంటీ, ఇటు రండి. మీరు చెయ్యి పెట్టినంకనే నేను తీస్తా."

మంగాయమ్మ కదలడానికి కాస్త టైము పట్టింది. వెళ్ళింది. వసుంధర చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టింది. వసుంధర తన చెయ్యి తీసుకుని వెనక్కి జరిగింది.

"నంబరు," అన్నాడు ఆదినారాయణ.

మంగాయమ్మ చుట్టూ చూసింది, వసుంధరని కూడా చూసింది. అందరి ముందూ నంబరు చెప్పడం ఆవిడకి అదే మొదటిసారి.

"నలభై ఎనిమిది," అంది.

ఉషారాణి చీర చెంగు నోట్లో కుక్కుకుంది. ఆదినారాయణ మాత్రం గంభీరంగా అరచేతిలో రాసుకుని లోపలికెళ్ళాడు.

మర్నాడు హీటరు పుస్తకంలో ఉన్నట్టే గోడెక్కింది. ఇటికలోకి బోర్లు, వేరే లైను, వేరే బ్రేకరు, పెద్ద సాకెట్టు, ఆకుపచ్చ అర్తింగు వైరు. వెలిగించాక పది నిమిషాలకోసారి ప్లగ్గు మీద చేతి వెనకభాగం ఆనించి చూడమన్నాడు ఆయన. మూడడుగుల లోపల బట్ట కనబడకూడదన్నాడు. ఒకరోజు ఉషారాణి తడి సాక్సు దాని మీద ఆరేయబోతే మంగాయమ్మ వేసిన కేక మా ఇంటిదాకా వినబడింది. అప్పయమ్మ ఇప్పుడు రెండిళ్ళకీ వంతులేసుకుని వెళ్తోంది. ఏ రోజు ఎవరింటికన్నది సిగ్డీ రోజుల్లోలాగే మంగాయమ్మ నిర్ణయిస్తోంది. వసుంధరకి మంచి కుర్చీ దొరికింది కానీ, హీటరుకి మరీ ఎదురుగా కాదు.

ఈ జనవరి నెలాఖరున వసుంధర హీటరులో దుమ్ము పట్టిందని ఆదినారాయణ మళ్ళీ సంచీ తీశాడు. పూర్తిగా చల్లారాక పొడి బ్రష్షుతో దులపాలి, తడిగుడ్డ పనికిరాదు, నెలకొకసారైనా చెయ్యాలని దారి పొడుగునా చెబుతూ రోడ్డు దాటాడు. వెనకాల మంగాయమ్మ కూడా దాటింది. ఆవిడని ఎవరూ పిలవలేదు.

"మీరెందుకు ఆంటీ, శ్రమ," అంది వసుంధర.

"శ్రమేటమ్మా. బోర్డు ఎక్కడున్నాది మీకు?"

వసుంధర చూపించి, తానే స్విచ్ దించింది. మంగాయమ్మ వెంటనే దాని మీద చెయ్యి వేసింది. వసుంధర నవ్వి తన చెయ్యి తీసేసింది. మంగాయమ్మ భర్తని దగ్గరకి రమ్మని, చెవిలో చెప్పింది. ఆయన అరచేతిలో రాసుకుని, పిడికిలి మూసుకుని లోపలికెళ్ళాడు.

అప్పుడు అక్కడ ఉషారాణి ఉంది. నంబరెంతొదినా అని ఆ రోజు అడిగింది, మర్నాడు అడిగింది, గోరింటాకు వంకతో వెళ్ళి మళ్ళీ అడిగింది. మంగాయమ్మ చెప్పలేదు. అందుకే ఈ కథలో ఆ ఒక్క నంబరు నాకు తెలియదు.